గోడ ఇడువకు బిడ్డా!

చెరువు కట్టకు బయటి వైపు మనకు కనిపించేవి గడ్డి, తాటిచెట్లు, కట్టమైసమ్మ గుడి. లోపలి వైపు, నీళ్ల కింద, ఒక రాతి గోడ ఉంటుంది. ఆ గోడను చేత్తో తడుముకుంటూ దిగిన మనుషుల వల్లే ఒకప్పుడు ఊరి పొలానికి నీరు అందింది. బచ్చన్నపేట లాంటి కరువు నేలకు ఇప్పుడు నీళ్లు తిరిగొచ్చాయి. నీళ్లలో దిగే విద్య మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

పిడికెడు మట్టి

నాకు పదకొండేళ్లప్పుడు మా తాత నన్ను బావిలో దింపాడు. 1980ల చివరి మాట. బచ్చన్నపేట మండలంలో మా చేను పక్కనున్న ఆ బావి మోట కొట్టిన కాలం నాటిది. చుట్టూ రాతి కట్టు, ఒక పక్క మెట్లు, నాలుగు నిలువుల నీళ్లు. అన్నకు ఈత నేర్పుతుంటే ఒడ్డున కూర్చుని చూస్తున్న నన్ను కూడా రమ్మన్నాడు తాత. 'ఆడపిల్లకెందుకు?' అని నాయనమ్మ అడిగితే, 'నీళ్లకు ఆడ, మొగ తెల్వది' అన్నాడు.

రెండు ఎండు సొరకాయ బుర్రలు వీపుకు కట్టి మొదటి వారం తేలడం నేర్పించాడు. రెండో వారం ఒక బుర్ర విప్పాడు. మూడో వారం రెండోదీ విప్పాడు. అప్పుడు మొదలైంది అసలు చదువు, మునగడం. 'అడుగు ముట్టినట్టు గుర్తేంది? పిడికెడు మట్టి తేవాలె' అన్నాడు.

మొదటిసారి బావి నడుమ దుంకి, తలకిందులుగా ఈదుకుంటూ పోయాను. ఒక నిలువు లోతు దాటేసరికి వెలుతురు పచ్చగా మారి, ఆపైన నల్లబడింది. చెవుల్లో పోటు పుట్టింది. ఏది పైనో ఏది కిందో తెలియక చేతులు కొట్టుకుంటూ ఎలాగో తేలాను. తాత తిట్టలేదు. నా కుడిచెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బావి రాళ్ల మీద ఆనించాడు. 'గోడ ఇడువకు బిడ్డా. నీళ్లల్ల కంటికి దిక్కు తెల్వదు. గోడకు తెలుసు' అన్నాడు.

రెండోసారి గోడ వెంట దిగాను. పైవరస రాళ్లు నాచుతో జారుతున్నాయి. కింది వరసలు గరుకుగా, శుభ్రంగా ఉన్నాయి. రాయికీ రాయికీ మధ్య సందులో వేలు పెడితే ఊట నీరు సన్నగా తగిలింది. మెడ దాకా వెచ్చగా ఉన్న నీళ్లు, మరో చేతిపొడవు దిగగానే కత్తిగీత గీసినట్టు చల్లబడ్డాయి. ముక్కు మూసి గాలిని లోపలికి నొక్కితే చెవిలో టప్పుమని పోటు పోయింది. వేళ్లకు మెత్తగా ఒండ్రు తగిలింది. పిడికిలి బిగించి, అదే గోడ పట్టుకుని పైకొచ్చాను. మెట్టు మీద పిడికిలి తెరిస్తే నల్లమట్టి, అందులో ఒక నత్తగుల్ల.

సరస్సుల అడుగున నిటారుగా దిగే రాతిగోడల వెంట స్కూబా డైవింగ్ చేసేవాళ్ల గురించి చాలా ఏళ్ల తర్వాత చదివాను. దాన్ని వాల్ డైవింగ్ అంటారని అప్పుడే తెలిసింది. మా తాత ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఆయన చేసిన పని మాత్రం అదే.

కట్టకు లోపలి వైపు

మా తాత మా ఊరి నీరటి. తెలంగాణ పల్లెల్లో నీరటోడు, నీరటికాడు అని పిలిచేది ఈ మనిషినే. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీరు పోవాలో చూడటం ఆయన పని. కట్టకు బుంగ పడిందా, మత్తడి రాళ్లు కదిలాయా అని వానాకాలమంతా రాత్రిళ్లు కందిలి పట్టుకుని తిరిగేది ఆయనే. కళ్లం దగ్గర వడ్లు కొలిచేటప్పుడు నీరటి వంతు తీసి పెట్టేవారు. ఊరి కూటికి ఆయన చేసిన కాపలాకు అది కూలి.

చెరువు కట్టంటే ఒట్టి మట్టిదిబ్బ కాదు. నీటి వైపు అలల తాకిడికి మట్టి కరిగిపోకుండా వాలుగా రాళ్లు పేరుస్తారు. ఆ రాళ్ల వరస నీళ్ల కింద నుంచే కట్ట మీదికి ఎక్కుతుంది. దాన్ని ఆనుకునో, కొంచెం ముందుకు జరిగో తూము ఉంటుంది. పాత తూములకు నీళ్లలో రెండు రాతి కంబాలు నిలిపి, వాటిని అడ్డరాళ్లతో కలుపుతారు. అడ్డరాళ్ల నడుమ బెజ్జాల గుండా ఒక పొడవాటి కర్ర నిటారుగా దిగుతుంది. ఆ కర్ర చివరన బిరడా. కర్ర పైకి లేపితే అడుగున రాతిలో తొలిచిన నోరు తెరుచుకుని, కట్ట కింది కాలువ గుండా నీరు పొలాలకు పోతుంది. కర్ర దించితే మూసుకుంటుంది.

ఈ పనితనం ఈ నేలకు కొత్త కాదు. రామప్ప గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతి గణపతిదేవుని సేనాని. గుడి పక్కనే రామప్ప చెరువు ఉంది. పాకాల చెరువును జగదాల ముమ్మడి కట్టించాడని శాసనం చెబుతోంది. లక్నవరం కూడా కాకతీయుల నాటిదే. గుట్టకూ గుట్టకూ నడుమ కట్ట పోసి వాననీటిని ఆపిన ఆ చెరువులు 800 ఏళ్లుగా పంట పండిస్తున్నాయి. కట్టించిన రాజుల, సేనానుల పేర్లు రాతిలో ఉన్నాయి. ఇన్ని వందల ఏళ్లు ఆ తూముల దగ్గర మునిగి లేచిన నీరటుల పేర్లు ఏ రాతి మీదా లేవు.

బిరడా సరిగ్గా కూర్చున్నన్నాళ్లు నీరటికి కష్టం లేదు. ఏ దుంగో కొట్టుకొచ్చి నోట్లో ఇరుక్కున్నప్పుడు, కర్ర విరిగినప్పుడు, బిరడా అరిగి నీరు కారిపోతున్నప్పుడు ఎవరో ఒకరు కిందికి పోవాలి. అది ఎక్కువగా మాఘమాసపు తెల్లవారుజామునే వచ్చిపడేది. అప్పటికి యాసంగి నాట్లు పడి ఉంటాయి. చెరువులో ఉన్న నీటితోనే కోతల దాకా నెట్టుకురావాలి. రాత్రంతా కారిపోతే ఒక తడికి సరిపడా నీరు పోయినట్టే. అందుకే పొద్దు పొడిచేదాకా ఆగేవాళ్లు కాదు. ఒంటికి ఇంత నూనె రాసుకుని, నడుముకు తాడు కట్టుకుని, తాడు కొసను కట్ట మీద ఇద్దరికి అప్పగించి దిగేవాళ్లు. ఒక చెయ్యి తూము కంబం మీద, ఇంకో చేతిలో గడ్డి, బంకమట్టి కలిపి చుట్టిన ఉండ. తాడును ఒకసారి లాగితే 'ఇంకొంచెం వదలండి', రెండుసార్లు లాగితే 'పైకి గుంజండి'.

నీటికున్న పట్టు

ఆ పనిలో ప్రాణం తీసేది లోతు కాదు, లాగుడు. మా తాత తూము దగ్గర ముందుగా ఒక గడ్డిచుట్ట వదిలేవాడు. అది ఎటు పోతుందో చూసేవాడు. 'గడ్డిని నీళ్లు ఎటు గుంజితే అటు నీ చెయ్యి పోవద్దు, కాలు అసలే పోవద్దు' అనేవాడు.

లెక్క వేస్తే ఆయన జాగ్రత్త విలువ తెలుస్తుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణం అంత ఒత్తిడి పెరుగుతుంది. అంటే 5 మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద అర కిలో అదనపు బరువు. తూము నోరు 30 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా ఉంటే దాని విస్తీర్ణం 700 చదరపు సెంటీమీటర్లు. అవతలి వైపు ఖాళీ కాలువ. ఆ నోటికి మనిషి ఒళ్లు అడ్డంపడితే 350 కిలోల బలం అతన్ని అక్కడే అదిమి పడుతుంది. పైన పది మంది తాడు లాగినా ఊడిరాడు. డ్యాముల దగ్గర పనిచేసే వృత్తి డైవర్లు ఈనాటికీ ఎక్కువగా భయపడే ప్రమాదాల్లో ఇది ఒకటి. గేటుకు రెండు వైపులా నీటి ఒత్తిడిలో తేడా ఉన్నంతసేపు వాళ్లు దాని దగ్గరికి పోరు. మా తాత గడ్డిచుట్టతో కనిపెట్టింది ఆ తేడానే.

చల్లదనానికీ కారణముంది. ఎండకు కాగిన నీరు తేలికై పైన నిలుస్తుంది. చల్లని నీరు బరువుగా అడుగున ఉంటుంది. గాలి తగలని బావుల్లో ఈ రెండు పొరలు కలవవు. అందుకే నా మెడ దగ్గర కత్తిగీత గీసినట్టు అనిపించింది. పైగా నీరు మన ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మన చెరువుల్లో నీళ్లు గడ్డకట్టకపోవచ్చు. అయినా మాఘమాసపు తెల్లవారుజామున పావుగంట నీళ్లలో ఉంటే వేళ్లు మొద్దుబారతాయి, ముడి వేయడం చేతకాదు. ఒంటికి రాసుకున్న నూనె ఆ చలిని ఎంత ఆపిందో గానీ, దిగే మనిషికి ధైర్యం మాత్రం ఇచ్చేది.

సిల్‌ఫ్రా నుంచి కచ్చులూరు దాకా

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి ఆక్వాలంగ్‌ను తయారు చేశారు. వీపున సిలిండర్, నోట్లో రెగ్యులేటర్. చుట్టూ నీటి ఒత్తిడి ఎంతుంటే అంతే ఒత్తిడితో గాలిని అందించడం ఆ రెగ్యులేటర్ పని. దానితో నీళ్ల కింద మనిషి గడిపే సమయం ఒక్క ఊపిరి నుంచి గంటకు పెరిగింది. ఒక నియమం కూడా తలకిందులైంది. ఊపిరి బిగపట్టడమే నీరటి బలం. స్కూబాలో మొదటి పాఠమేమో ఊపిరి ఎన్నడూ బిగపట్టవద్దని. 10 మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. దాన్ని బయటికి వదలకపోతే ఊపిరితిత్తులు చిట్లుతాయి.

చల్లని మంచినీళ్లలో గోడ వెంట దిగడానికి ప్రపంచమంతా చెప్పుకునే చోటు ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఎడమవుతున్న చోట నేల చీలి, థింగ్‌వల్లవాట్న్ సరస్సులోకి తెరుచుకున్న నెర్రె అది. హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్లలో ఏళ్ల తరబడి వడగట్టుకుని అక్కడికి చేరుతుంది. అందుకే 100 మీటర్ల దూరం దాకా చూపు ఆనుతుంది. నీటి చలి 2 నుంచి 4 డిగ్రీలు. ఒంటికి చుక్క నీరు తగలకుండా డ్రైసూట్ వేసుకుని దిగుతారు. అంత చలిలో రెగ్యులేటర్ లోపల మంచు కట్టి గాలి ఆగకుండా వచ్చేయవచ్చు. అందుకే చలికి తగిన పరికరాలు వేరుగా ఉంటాయి.

సిల్‌ఫ్రాలో గోడ కళ్లకు పండుగ. మన చెరువుల్లో గోడ చేతికి దారి. ఒండ్రు కలిసిన నీళ్లలో సొంత చెయ్యి కూడా కనబడదు. అలాంటి చోట దిగే డైవర్లు ఫిన్‌లు గట్టిగా కొట్టరు, కొడితే అడుగు బురద లేచి ఉన్న చూపూ పోతుంది. గోడనో తాడునో ముట్టుకుంటూ పోతారు. తాత చెప్పిన మాటే వాళ్లకు శిక్షణలో పాఠం.

ఆ విద్య విలువ ఓరుగల్లు ప్రాంతానికి 2019లో కన్నీళ్లతో తెలిసింది. ఆ ఏడాది సెప్టెంబర్ 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. అందులో కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లిన 14 మంది ఉన్నారు. ప్రాణాలతో తేలినవాళ్లను ముందుగా పడవల్లో ఎక్కించుకుంది కచ్చులూరు గిరిజనులు. ఆ తర్వాత వారాలు గడిచినా బోటు పైకి రాలేదు. వరద, సుడులు, కళ్లు కానరాని బురదనీళ్లు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో పట్టు వదలకుండా ప్రయత్నించింది. చివరికి విశాఖపట్నం నుంచి వచ్చిన స్కూబా డైవర్లు నది అడుగుకు దిగి, చేతులతో తడిమి బోటును గుర్తుపట్టి తాళ్లు కట్టారు. అక్టోబర్ 22న బోటు గట్టుకు చేరింది. అప్పటిదాకా తమవాళ్ల కోసం ఎదురుచూసిన కుటుంబాల్లో కొన్నింటికి కడసారి చూపు ఆ చేతుల వల్లే దక్కింది.

నీళ్లు పోయిన ఏళ్లు

బచ్చన్నపేట పేరు చెబితే పాతతరానికి గుర్తొచ్చేది కరువే. రాతి నేల, పైపొర కింద బండ. వాన పడితే చెరువు నిండాలి, చెరువు నిండితే బావి ఊరాలి. వరసగా వానలు తప్పిన ఏళ్లలో ముందు చెరువులు ఎండాయి. వాటి వెనకే బావులు ఎండాయి. బోర్లు వందల అడుగులకు దిగాయి. పడుచువాళ్లు పట్నం బాట పట్టారు, ఊళ్లలో ముసలివాళ్లు మిగిలారు. మా బావి కూడా ఎండింది. నేను పిడికెడు మట్టి తెచ్చిన చోట తుమ్మచెట్టు మొలిచింది.

ఆ ఏళ్లలో పంటతోపాటు ఇంకొకటి కూడా పోయింది. ఈత పోయింది. నీళ్లు లేని ఊళ్లో పిల్లలకు ఈత ఎవరు నేర్పుతారు? ఎండిన బావి గట్టున సొరకాయ బుర్రలు ఎవరు కడతారు? ఒక తరం మొత్తం నీళ్లను బిందెల్లో, ట్యాంకర్లలో, ప్లాస్టిక్ సీసాల్లో చూసి పెరిగింది. నీరటి కొలువు కూడా కాలక్రమంలో మారిపోయింది. ఆ పని చేసిన కుటుంబాలవాళ్లు రెవెన్యూ శాఖలో గ్రామ సహాయకులయ్యారు. 2023లో ఆ సహాయకులను కూడా వేర్వేరు శాఖల్లో సర్దారు. జీతం భద్రమైనందుకు సంతోషమే. తూము కంబం పట్టుకుని దిగడం మాత్రం తండ్రి నుంచి కొడుక్కు అందలేదు.

ఆ తర్వాత నీళ్లొచ్చాయి. ఏటూరునాగారం వైపు గోదావరి నుంచి నీటిని మెట్టు మెట్టుగా ఎత్తిపోసే దేవాదుల పథకం మా జనగామ మెట్ట ప్రాంతానికి నీటిని మోసుకొచ్చింది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయతో చెరువుల్లో పూడిక తీశారు, ఒండ్రును పొలాలకు తోలుకున్నారు. మండువేసవిలో నీళ్లున్న చెరువును చూసి మా నాయనమ్మ కట్ట మీద కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంది. నా కళ్లూ చెమ్మగిల్లాయి.

అయితే నిండిన చెరువు పక్కన ఈత రాని పిల్లలున్నారు. పైగా చెరువు అడుగు కూడా మారిపోయింది. పాత చెరువు వాలుగా లోతయ్యేది. మోకాళ్లు, నడుము, రొమ్ము అని కాలికి తెలిసేది. ఇప్పుడు పొక్లెయిన్ తవ్విన చోట ఒక అడుగు మోకాలి లోతు ఉంటే, మరో అడుగు రెండు నిలువులు. ఇటుకబట్టీలకూ రోడ్లకూ మట్టి తీసిన గుంతలు నీళ్ల కింద కనపడవు. సెలవుల్లో అమ్మమ్మ ఊరికొచ్చిన పిల్లలు, బట్టలుతికే తల్లి వెంట వచ్చినవాళ్లు, సెల్ఫీకి దిగిన పడుచువాళ్లు అక్కడే పోతున్నారు. ఒకరు మునిగితే కాపాడబోయి ఇంకొకరు, వాళ్ల కోసం మరొకరు. వేసవి వస్తే ఇలాంటి వార్త చదవని వారం ఉండదు.

నీళ్లలో దిగేముందు

• తెలియని చెరువులో, బావిలో, క్వారీ గుంతలో దుంకొద్దు. ముందు కర్రతో లోతు చూడాలి, నడిచి దిగాలి.

• తూము, మత్తడి, గేట్ల దగ్గర ఈత కొట్టొద్దు. నీరు కదలనట్టు కనిపించినా అడుగున లాగుతుంటుంది.

• మునిగేముందు గబగబా పెద్ద ఊపిర్లు తీయొద్దు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలన్న హెచ్చరిక అందకుండానే స్పృహ తప్పుతుంది.

• చెవిలో పోటు పుడితే ఇంకా కిందికి పోవద్దు. ముక్కు మూసి గాలి నొక్కినా పోటు తగ్గకపోతే పైకొచ్చేయాలి.

• పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగేముందు లోపలి గాలిని పరీక్ష చేయించాలి. విషవాయువుకు రంగుండదు.

• ఎవరైనా మునుగుతుంటే వెంటనే దుంకొద్దు. తాడు, చీర, కర్ర, ఖాళీ డబ్బా, ట్యూబు ఏదో ఒకటి అందించాలి.

జులై 25

2021 జులై 25న రామప్ప గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరూరా సంబరపడ్డాం. ఆ రోజుకే ఇంకో గుర్తింపు కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ మునక నివారణ దినాన్ని మొట్టమొదటిసారి పాటించింది కూడా 2021 జులై 25ననే. ఆ ఏడాది ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో దాదాపు సగం మందికి 30 ఏళ్లు నిండలేదు. ప్రతి నలుగురిలో ఒకరు అయిదేళ్లలోపు పసివాళ్లు.

ఈ రెండు విషయాలూ మన ఊళ్లో ఒకే చోట కలుస్తాయి. కట్ట మన వారసత్వం. కట్ట లోపల బతికి బయటపడే విద్య కూడా మన వారసత్వమే. మొదటిదానికి నిధులిచ్చాం, రాళ్లు పేర్చాం. రెండోదానికి ఇంకా ఏమీ చేయలేదు.

చేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో స్విమ్‌సేఫ్ పేరుతో ఒక పద్ధతి నడిచింది. ఊరి చెరువులోనే వెదురు బొంగులతో వేదిక కట్టి, కాళ్లానేంత లోతులో చుట్టూ కంచె పెట్టి, ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, వాళ్లతో పిల్లలకు ఈత నేర్పించారు. స్విమ్మింగ్ పూల్ కట్టలేదు. మనకు వెదురుంది, చెరువుంది, నీటిని ఎరిగిన ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలున్నాయి. ఏటా వేసవి సెలవుల్లో బడి నుంచి నెల రోజులు, ఊరి గజ ఈతగాళ్లకు గౌరవవేతనం, గట్టున తాడు, ట్యూబు. మండలానికి ఇద్దరు పడుచువాళ్లను విశాఖకు పంపి స్కూబా నేర్పిస్తే, ప్రమాదం జరిగినప్పుడు ఎక్కడినుంచో వచ్చే బృందం కోసం కుటుంబాలు కట్ట మీద రాత్రంతా కూర్చోవలసిన పని ఉండదు.

ఆడపిల్లలకు ముందు నేర్పాలని నా కోరిక. సద్దుల బతుకమ్మ నాడు చీకటిపడే వేళ చెరువులోకి దిగి బతుకమ్మను సాగనంపేది ఆడవాళ్లే. పాచిపట్టిన మెట్ల మీద, చీరకట్టుతో, చంకలో పిల్లతో నీళ్ల అంచున నిలబడేది వాళ్లే. వాళ్లలో ఎక్కువమందికి ఈత రాదు.

నిరుటి వేసవిలో మా బావిలో తుమ్మచెట్టు కొట్టేయించి పూడిక తీయించాం. వానలు పడి చెరువు నిండాక అందులోకి మళ్లీ ఊట వచ్చింది, రెండు నిలువుల నీళ్లు నిలిచాయి. తాత లేడు. నా బిడ్డకు పదేళ్లు. నెలరోజులు తేలడం నేర్పి, ఒక పొద్దున నడుముకు తాడు కట్టి, కొసను నా ముంజేతికి చుట్టుకుని, ఆమె చెయ్యి రాళ్ల మీద ఆనించాను. చెప్పాల్సిన మాట నోట్లోంచి తాత యాసలోనే వచ్చింది. ఆమె మునిగింది. తాడు నా చేతిలో మెల్లగా సాగింది. పైన నీళ్లు కదలకుండా నిలిచాయి. లెక్కపెడుతున్నాను. పదహారు దగ్గర తాడు రెండుసార్లు కదిలింది.

పైకి రాగానే ఊపిరి తీసుకోకముందే మెట్టు మీద పిడికిలి తెరిచింది. నల్లమట్టి. ఆ మట్టిని నేను కడగనివ్వలేదు. ఇంటికి తీసుకెళ్లి నాయనమ్మ అరచేతిలో పెట్టాం.